జీరో బల్బు కింద నల్ల గౌన్లు

ఇంట్లో కరెంటు ఎలా ఆదా చేసుకోవాలో నేర్పుతారట, ఎవరినైనా ఒకరిని పంపండి అని నీటి సరఫరా ఆఫీసుకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పనున్న వాళ్ళందరూ పని చూపించి తప్పించుకున్నారు. మిగిలింది పెద్ద గుమాస్తా. ఆయన వెళ్ళాడు, వాళ్ళు పెట్టిన భోజనం చేశాడు, వాళ్ళిచ్చిన గుడ్డ సంచీ భుజాన వేసుకుని సాయంత్రానికి వేరే మనిషై తిరిగొచ్చాడు. ఆ సంగతి ఆయన భార్యకు గుమ్మంలోనే అర్థమైంది. ఆమె వసారా దీపం వేసి తలుపు గొళ్ళెం తీస్తుంటే, ఆయన చెప్పులు కూడా విప్పకుండా ఆ దీపం ఆర్పేశాడు. గొళ్ళెం ఆమె వేలి మీద పడింది.

అక్కడ చెప్పినవి చెడ్డ మాటలేం కావు. గిన్నె మీద మూత పెట్టి వండుకోమన్నారు. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టొద్దన్నారు. స్నానానికి నీళ్ళు కాగగానే గీజరు ఆపేయమన్నారు. పాత బల్బులు తీసేసి, తక్కువ కరెంటు తిని అంతే వెలుతురిచ్చే కొత్త రకం దీపాలు పెట్టుకోమన్నారు. బుర్ర పెట్టి వింటే ఒక్కటీ కాదనడానికి లేదు. పెద్ద గుమాస్తాకు బుర్ర ఉంది, అదే వచ్చిన చిక్కు. తక్కువ తినే దీపం మంచిదైతే, అన్నిటికంటే తక్కువ తినేది అన్నిటికంటే మంచిది కావాలి కదా అని దారిలోనే తేల్చుకున్నాడు. కొత్త రకం దీపాలు అమ్మే కొట్టు దాటి ముందుకెళ్ళి, ఇంటికి సరిపడా జీరో బల్బులు కొనుక్కొచ్చాడు. పడుకునేటప్పుడు మంచం కోళ్ళు కాలికి తగలకుండా వేసుకునే ఆ ఎర్రటి బుడ్డి బల్బులే, వారం తిరక్కుండా వంటింట్లోనూ ముందు గదిలోనూ ఆయన తల్లి గదిలోనూ వేలాడాయి.

ఆ రోజు నుంచి ఆయన కళ్ళలో వత్తులు వేసుకుని ఇంటిని కాపలా కాశాడు. ఎవరైనా గదిలోంచి లేచారంటే వాళ్ళు గుమ్మం దాటేలోపే స్విచ్చు టక్కుమనేది. ఫ్రిజ్ తలుపు తీయబోయే ముందు ఏం కావాలో పైకి చెప్పాలి. పాలని చెప్పి పాలతో పాటు కూరగాయలు కూడా తీస్తే, ఆ పూటంతా ఉపన్యాసం. ఫ్యాను ఒకటి మీద తిరిగితే చాలు, రెండు మీద పెట్టడం ఒళ్ళు బలిసిన వాళ్ళు చేసే పని. సాయంత్రం అందరూ ఒకే గదిలో కూర్చోవాలి. వాళ్ళమ్మ టీవీ చూసుకోవచ్చు కానీ, మాటలు వినపడుతున్నాయి కాబట్టి బొమ్మ మీద గుడ్డ కప్పితే ఏమైనా కలిసొస్తుందా అని కూడా ఆలోచించాడు. కలిసిరాదని ఎవరో చెప్పాక చాలా నొచ్చుకున్నాడు.

గీజరు మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు. ఆయనకు నడుం నొప్పి. పొద్దున ఆయన కళ్ళు తెరిచింది మొదలు, టీ తాగి, గడ్డం గీసుకుని, వీధిలో ఎవరింట్లో పగలు దీపం వెలుగుతోందో చూసొచ్చి, తీరిగ్గా బాత్రూములోకి అడుగు పెట్టేదాకా అది కాగుతూనే ఉండాలి. శిక్షణలో చెప్పిన వాటిలో పక్కవాళ్ళు వదులుకోవలసినవన్నీ ఆయన తు.చ. తప్పకుండా అమలు చేశాడు. తాను వదులుకోవలసినది ఒక్కటే ఉంది, దాన్ని ఆరోగ్యం కింద జమ కట్టాడు. పేపరు మాత్రం ఆఫీసుకెళ్ళి చదువుకునేవాడు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులన్నీ వెలుగుతూ ఉంటాయి. అవెందుకు ఆర్పరని ఓ జూనియరు అడిగితే, శిక్షణ ఇంటి కరెంటు గురించి అని గుర్తు చేశాడట. వీధిలో వాళ్ళు ఆయనకు ఆదాగారు అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, ఆ ఇంట్లో ఉండి కుట్టుపని చేసుకోవలసిన అవసరం మనకు లేకపోతే. ఆయన భార్యకు ఉంది. కోర్టు వీధిలోని కోట్ల కొట్టుకు ఆమె వకీళ్ళ నల్ల గౌన్లు కుడుతుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో నల్ల కుట్టు. ఈ పని ఎలాంటిదో చేసిన వాళ్ళకే తెలుసు. తెల్ల గుడ్డ మీద కుట్టు వంకర పోతే గుడ్డే చెబుతుంది. నల్ల గుడ్డ ఏమీ చెప్పదు, మనమే వంగి చూసుకోవాలి. అందుకే ఆమె తన తొక్కుడు మిషను సూది పక్కన ఓ చిన్న దీపం బిగించుకుంది. ఆదాగారు మొదటి వారంలోనే దాన్ని విప్పి అటక మీద పెట్టాడు. గదిలో ఒక దీపం ఉండగా ఇంకోటి దేనికని ఆయన వాదన. పగలు కిటికీ దగ్గర కుట్టుకోమని సలహా కూడా ఇచ్చాడు. కిటికీకి జానెడు దూరంలో పక్కింటి వాళ్ళు కొత్తగా లేపిన గోడ ఉంది, ఇంట్లో పగలూ మసకే. ఆ మాట ఆమె చెప్పింది. గోడకు సున్నం వేయిస్తే వెలుతురు తిరిగి మన మీదే పడుతుందని ఆయన అన్నాడు. సున్నం ఎవరు వేయించాలన్న దగ్గర ఆ విషయం ఆగిపోయింది.

ఆమె గట్టిగా పోట్లాడవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పోట్లాడింది. రెండుసార్లు అటక మీంచి దీపం దించి బిగించుకుంది, రెండుసార్లూ ఆయన విప్పేశాడు. మూడోసారికి ఆమెకు విసుగు పుట్టింది. ఆయన అరిచే మనిషి కాదు, అదే కష్టం. మెత్తగా, చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పినట్టు, అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతాడు. దాని బదులు చీకట్లో కుట్టుకోవడమే నయమనిపించింది. మెల్లగా వేళ్ళతో చూడటం అలవాటు చేసుకుంది. అంచు మడత బొటనవేలికి తెలిసేది, కుట్టు సూటిగా పోయిందో లేదో చూపుడువేలికి తెలిసేది. వేళ్ళకు రంగు తెలియదన్న సంగతి అప్పటికింకా ఆమెకు తట్టలేదు.

అత్తగారి బాధ వేరు. చీకట్లో పీటకు కాలు తగిలి ఆవిడ ఓసారి బోర్లా పడింది. కొడుకు వచ్చి లేవదీసి, అమ్మా, నీకు కళ్ళలో శుక్లాలు వచ్చినట్టున్నాయి, వయసు మీద పడుతోంది కదా అన్నాడు. ఆవిడ నిజమే కాబోలు అనుకుంది. అప్పటినుంచీ గోడ పట్టుకుని నడిచేది. ఆపరేషనంటే భయపడి పైకి ఏమీ చెప్పకుండా, లోపల్లోపలే కుంగిపోయేది.

ఇలా ఉండగా కోట్ల కొట్టు పెద్దాయన కబురు పెట్టాడు. కోర్టులో కొత్తగా చేరే వకీళ్ళు ప్రమాణం చేసే రోజు దగ్గరికొచ్చింది, గౌన్లన్నీ ఒకేసారి కావాలి. ఆమె గుడ్డ తీసుకోవడానికి వెళితే పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పాడు. కొట్లో కటింగ్ మాస్టరు మోకాళ్ళ నొప్పులతో మానేస్తున్నాడు. ఈ గౌన్లు సవ్యంగా వస్తే ఆ బల్ల ఆమెదే.

ఆ బల్ల కోసం ఆమె ఎంతకాలంగా ఎదురు చూసిందో ఎవరికీ చెప్పుకోలేదు. పొడవాటి చెక్క బల్ల, దాని మీద సుద్ద గీతలు, పైన వరసగా తెల్లటి దీపాలు. మొదటిసారి ఆ కొట్లోకి అడుగు పెట్టినప్పుడే ఆమె కళ్ళు దాని మీద పడ్డాయి. ఇంట్లో కూర్చుని ఒకరు కత్తిరించిన ముక్కలు కుట్టడం వేరు, గుడ్డ పరిచి ఇది ఇలా ఉండాలని తానే గీయడం వేరు. ఆ రోజు గుడ్డ మూట ఎత్తుకుని ఇంటికొస్తుంటే బరువే తెలియలేదు.

అంతకు ముందు ఆమె ఓ బడి పిల్లలకు ముదురు నీలం కోట్లు కుట్టి ఉంది. ఆ దారం రీళ్ళు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. గౌన్లు సగం పైగా అయ్యాక, ఓ సాయంత్రం మిషను మీద నల్ల దారం అయిపోయింది. అత్తయ్యా, డబ్బాలోంచి నల్ల రీలు అందుకోండి అని ఆమె అడిగింది. అత్తగారు తడిమి ఒకటి తీసి ఇచ్చింది. ఆమె దాన్ని బల్బు వైపు ఎత్తి చూసింది కూడా. ఎర్రటి జీరో బల్బు కింద నలుపూ ముదురు నీలమూ అక్కాచెల్లెళ్ళలా ఒకేలా ఉన్నాయి. మిగిలిన గౌన్లన్నిటికీ కాలర్లు, చేతుల అంచులు ఆ దారంతోనే పూర్తయ్యాయి. పక్కనే కుర్చీలో కూర్చున్న ఆదాగారు, చూశావా, ఇంత పనికి ఈ వెలుతురు సరిపోయిందా లేదా అని భార్యను మెచ్చుకున్నాడు.

కొట్లో దీపాల కింద మొదటి కట్ట విప్పారు, బాగుంది. రెండో కట్ట విప్పగానే, పెద్దాయన చూడకముందే తాను చూసింది. నల్ల కాలరు చుట్టూ నీలం కుట్టు, చాక్‌పీసుతో గీసినంత స్పష్టంగా. ఇంకోటి తీసింది, అదీ అంతే. పెద్దాయన ఒక్కో గౌనూ తిరగేసి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. కొట్లో మిగతా వాళ్ళు మిషన్లు ఆపేశారు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చాలా దయగా మాట్లాడాడు.

"నీ పనితనం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు తల్లీ. కళ్ళు అంటావా, ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. కొన్నాళ్ళు నలుపు మానేసి లంగాలూ జాకెట్లూ చూసుకో."

కుట్టుపని వాళ్ళకు ఈ మాట ఎంత దూరం పోతుందో ఆమెకు తెలుసు. ఫలానా ఆవిడకు చూపు తగ్గిందట అని వీధిలో ఒక్క కొట్టువాడు అంటే చాలు, సాయంత్రానికి అన్ని కొట్లకూ పాకిపోతుంది. ఆ తర్వాత గుడ్డ ఇచ్చేవాడుండడు. బల్ల మాట దేవుడెరుగు, ఉన్న పనే పోతుంది. అసలు సంగతి చెప్పేయవచ్చు. కానీ మొగుడు దీపం వేసుకోనివ్వడని నలుగురి ముందూ ఎలా చెప్పడం? పెద్ద ఆఫీసులో పెద్ద గుమాస్తా. నలుగురూ నవ్వుతారు. ఆయన్ని చూసి నవ్వినా పరువు ఇద్దరిదీ పోతుంది. కళ్ళే పోయాయని ఒప్పుకుంటే ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. ఆ మాట అనడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడు బల్ల కనబడింది. కటింగ్ మాస్టరు అప్పుడే సుద్ద కింద పెట్టి, మోకాలు పట్టుకుని లేస్తున్నాడు.

"నా కళ్ళు బానే ఉన్నాయి బాబాయిగారూ. మా ఇంట్లో వెలుతురు లేదు" అంది.

కరెంటు పోయిందా అని ఆయన అడిగాడు. లేదు, ఉందని చెప్పింది. మరి? ఆయన వేసుకోనివ్వరని చెప్పింది. కావాలంటే ఇప్పుడే ఇక్కడే సూదిలో దారం ఎక్కిస్తాను చూడండని, నల్ల దారం తీసుకుని ఒక్క విసురులో ఎక్కించేసింది. ఎవరూ నవ్వలేదు. మిషను దగ్గర కూర్చున్న ఒకావిడ మాత్రం, మా ఇంట్లో ఫ్యాను సంగతీ ఇంతేనమ్మా అని గొణిగింది.

పెద్దాయన, నీలం కుట్లున్న గౌన్లన్నీ విప్పి ఈ దీపాల కిందే మళ్ళీ కుట్టి, చెప్పిన రోజుకు ఇస్తానంటే సరేనన్నాడు. ఒక్కర్తి వల్ల అయ్యే పని కాదు. మర్నాడు ఆమె అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళింది. కుట్లు విప్పడానికి మనిషి కావాలి, నీలం రీలు అందించిన పాపంలో ఆవిడకు వాటా ఉండనే ఉంది. అత్తగారు దారి పొడుగునా, నాకు కళ్ళు కనబడవే, నన్నెందుకు లాక్కుపోతున్నావని నస పెట్టింది. కొట్లో కూర్చోబెట్టి ఒళ్ళో గౌను పెడితే, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. కుట్టు మీద వేలు పెట్టింది. తర్వాత తలెత్తి గోడ మీది క్యాలెండరు వంక చూసింది.

"అమ్మాయ్, నాకు అన్నీ కనబడుతున్నాయే" అంది. అని, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ ఆపరేషను బల్ల మీద పడుకున్నట్టు కలలొచ్చేవని, కొడుకు భయపడతాడని చెప్పలేదని అంది. కోడలికి అప్పుడు కోపం వచ్చింది. తన దీపం విప్పినప్పుడు రాని కోపం, గౌన్లు పాడైనప్పుడు రాని కోపం, ముసలావిడ కళ్ళు తుడుచుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాక వచ్చింది. ఆ కోపంతోనే మిషను తొక్కింది. గౌన్లు చెప్పిన రోజుకు అందాయి. బల్ల ఆమెకు వచ్చింది.

ఇక అత్తాకోడళ్ళు పొద్దున వెళితే పొద్దుపోయాకే ఇల్లు చేరేవాళ్ళు. కోడలు గుడ్డ కత్తిరించేది, అత్తగారు గుండీలు కుట్టేది, మధ్యాహ్నం అక్కడే తినేవాళ్ళు. ఇంట్లో కరెంటు పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు, ఇస్త్రీ పెట్టె ముట్టేవాళ్ళు లేరు, ఫ్యాను కింద కూర్చునే వాళ్ళు లేరు, టీవీ చూసేవాళ్ళు లేరు. ఫ్రిజ్ తలుపు ముందు ఏం కావాలో చెప్పే గొంతు లేదు. ఆదాగారు ఒక్కడే జీరో బల్బు కింద కూర్చుని, బయట హోటల్నుంచి తెచ్చుకున్నది తిని పడుకునేవాడు. తర్వాత వచ్చిన బిల్లులో కరెంటు వాడకం సగానికి సగం పడిపోయింది. అది చూసి ఆయనకు పట్టపగ్గాలు లేవు. తన పద్ధతి ఫలించిందని ఆఫీసులో చెప్పాడు, వీధిలో చెప్పాడు, పాలవాడిని ఆపి చెప్పాడు. ఇది ఎందుకు పడిపోయి ఉంటుందా అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆయన మనిషయ్యేవాడు. ఆయనకు తీరిక లేదు.

వీధి సంఘం వాళ్ళు ముచ్చటపడి సన్మానం పెట్టుకున్నారు. ఓ ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో సభ. ఇంకా బయట ఎండ ఉండగానే హాల్లో ఉన్న దీపాలన్నీ వేశారు, ఏసీలు చలి పుట్టేలా పెట్టారు, తలుపులు బార్లా తెరిచారు. అత్తాకోడళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టారు. కోడలు రానంది గానీ, నలుగురూ ఏమనుకుంటారని అత్తగారే తీసుకొచ్చింది. ఆదాగారు శాలువా కప్పుకుని మైకు ముందు నిలబడి, ప్రతి ఇల్లూ తన ఇంటిలా మారితే దేశానికి కరెంటు కొరతే ఉండదన్నాడు. వాడకం సగానికి సగం తగ్గిందని చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు.

మూడో వరసలోంచి ఓ పంతులమ్మ లేచింది. తగ్గించడం ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది కదా, ఆవిణ్ణే చెప్పమనండి, మేమూ నేర్చుకుంటాం అంది. అందరూ అవునవునన్నారు. ఆదాగారు కూడా, చెప్పు చెప్పు అని భార్యకు మైకు అందించాడు. ఆమె లేచి మైకు పట్టుకుంది. మొగుణ్ణి నలుగురిలో తీసిపారేయాలని ఆమె రాలేదు. అబద్ధం చెప్పడానికీ రాలేదు.

"నేను ప్రత్యేకంగా ఏమీ చేయలేదండీ. ఇంట్లో ఉండటం మానేశాను. అత్తయ్య కూడా మానేశారు. తగ్గింది" అంది.

హాలంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా ఆదాగారే నవ్వాడు, భార్య ఇంత చమత్కారంగా మాట్లాడుతుందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. నవ్వుతూనే ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వడం లేదు. పక్కన తల్లి వంక చూశాడు. ఆవిడ, అవును అన్నట్టు తలూపుతోంది. ముందు వరస వాళ్ళు ఒక్కొక్కళ్ళే నవ్వడం ఆపేశారు. ఆయన చేతిలో ఉపన్యాసం ఇంకా సగం మిగిలే ఉంది.

మైకు ఆమె చేతిలోనే ఉండిపోయింది కాబట్టి, ఆ తర్వాత ఆయన అడిగింది ముందు వరస వాళ్ళకు తప్ప వినపడలేదు.

"అయితే మీరిద్దరూ... రోజూ ఆ కొట్టుకు పోయేది వెలుతురు కోసమా?"

ఆమె అవునంది. ఆ మాట మాత్రం హాలంతా వినపడింది.